బే విండో మీద సీసం కప్పు పగిలింది: అతుకు వేయాలా, మొత్తం మార్చాలా?

పాతిల్లు రాశారు:

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో విక్టోరియన్ కాలం నాటి టెర్రస్ ఇల్లు (వరుసగా ఆనుకుని కట్టిన ఇళ్ళలో ఒకటి) కొనుక్కున్నాం. ముందు గదికి బే విండో, అంటే గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన కిటికీ ఉంది. దాని మీద దాదాపు చదునుగా కనిపించే చిన్న కప్పు, ఆ కప్పుకి సీసం రేకు తాపడం. మా ఇంటికీ పక్కింటికీ మధ్య కప్పు దాటి పైకి లేచిన గోడ ఒకటి ఉంది, దానికీ సీసంతోనే క్యాపింగ్ (గోడ తల మీద కప్పే తాపడం) చేశారు. సర్వే రిపోర్టులో ఈ రెండిటి గురించీ పాతబడ్డాయి, కనిపెట్టుకుని ఉండండి అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఈమధ్య వానలకి బే విండో సీలింగ్ మీద గోధుమ రంగు మరక మొదలై ఇప్పుడు అరచెయ్యంత అయింది.

నిచ్చెన వేసి చూశాను. రేకు మధ్యలో గోడ దగ్గర్నుంచి చూరు దాకా పొడుగ్గా ఒక ఉబ్బు, సరిగ్గా ఆ ఉబ్బు మీదే సన్నటి పగులు. అంతకుముందున్న యజమాని దాని మీద తారు లాంటిది పూసి, పైన వెండి రంగు టేప్ అంటించారు. ఇప్పుడు ఆ టేప్ పక్కనే ఇంకో పగులు వచ్చింది. కింద ఇటుకల మీద తెల్లటి చారలు కూడా ఉన్నాయి.

ముగ్గురు రూఫర్లని పిలిస్తే మూడు మాటలు చెప్పారు. ఒకరు సీలెంట్ కొట్టి టేప్ వేస్తే చాలన్నారు. ఇంకొకరు సీసం కాలం అయిపోయింది, పీకేసి ఫైబర్‌గ్లాస్ వేయించుకోండి అన్నారు. మూడో ఆయన సీసమే వేస్తాను, కాకపోతే అన్నిటికన్నా మందంగా ఉండే కోడ్ 8 రేకు ఒకే ముక్కగా పరుస్తాను, అతుకే లేకపోతే లీకే ఉండదు అన్నారు. నాకు ఆ మూడో మాటే సబబుగా అనిపిస్తోంది, కానీ రేటు బాగా ఎక్కువ. అసలు ఈ పని ఎలా చేస్తారో తెలియకుండా ఎవరి మాట నమ్మాలో అర్థం కావట్లేదు. ఇంట్లో చిన్న పాప ఉంది, సీసం అంటేనే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

రేకుపని రాశారు:

నేను ఈ దేశంలో సీసం పనే చేస్తాను, చర్చిలు, పాత ఇళ్ళు ఎక్కువ. మీరు రాసింది చదివితే కారణం చాలావరకు తెలిసిపోతోంది. ముందు ఆ మూడో ఆయన మాట గురించి చెప్తాను, ఎందుకంటే మీకు నచ్చిన ఆ మాటే మీ కప్పుని మళ్ళీ పగలగొడుతుంది.

సీసం ఎండకి బాగా సాగే లోహం. మీటరు పొడవు రేకు ఒక్క డిగ్రీ వేడెక్కితే మీటరుని పది లక్షల వంతులు చేస్తే అందులో 29 వంతులు పెరుగుతుంది. ఈ లెక్క వినడానికి ఏమీ అనిపించదు. కానీ కప్పు మీద రేకు చలికాలం రాత్రికీ ఎండాకాలం మధ్యాహ్నానికీ మధ్య 60 డిగ్రీల తేడా చూస్తుంది, అప్పుడు 3 మీటర్ల ముక్క 5 మి.మీ. పైనే పెరగాలి. పెరగడానికి చోటు ఉంటే జరుగుతుంది, లేకపోతే పైకి లేస్తుంది. ఉక్కులా తిరిగి సాపుగా లాక్కునే గుణం సీసానికి లేదు. రాత్రి చల్లబడి కుదించుకున్నా ఆ ఉబ్బు పూర్తిగా పోదు, మర్నాడు మళ్ళీ అక్కడే వంగుతుంది. తీగని ఒకేచోట అటూ ఇటూ వంచితే తెగినట్టు, కొన్నేళ్ళకి ఆ ఉబ్బు మీదే చీలుతుంది. మీ రేకు మీద ఉన్నది అదే. టేప్ పక్కన ఇంకో పగులు రావడం కూడా దీనివల్లే. కదలికని ఒకచోట బిగిస్తే అది పక్కకి జరుగుతుంది, అంతకుమించి ఏమీ కాదు. అందుకే పగులు మీద సోల్డర్ పోసినా నిలవదు. సోల్డర్ గట్టిది, దాని అంచు వెంబడే మళ్ళీ చీలుతుంది.

కాబట్టి సీసం పనిలో మొదటి సూత్రం చిన్న ముక్కలు, ప్రతి ముక్కకీ కదిలే చోటు. నీళ్ళు ఆపేది అతుకు లేకపోవడం కాదు, అతుకుని సరిగ్గా కట్టడం. రేకు మందాన్ని కోడ్‌తో చెప్తారు. పూర్వం చదరపు అడుగుకి ఎన్ని పౌండ్ల బరువు ఉంటే అదే ఆ కోడ్ సంఖ్య. ఇప్పుడు బీఎస్ ఈఎన్ 12588 అనే ప్రమాణం ప్రకారం మి.మీ.లలో ఇస్తారు, చుట్ట మీద రంగు గుర్తు కూడా ఉంటుంది. కోడ్ 3 ఆకుపచ్చ, 1.32 మి.మీ. కోడ్ 4 నీలం, 1.80. కోడ్ 5 ఎరుపు, 2.24. కోడ్ 6 నలుపు, 2.65. కోడ్ 7 తెలుపు, 3.15. కోడ్ 8 నారింజ, 3.55. పని జరిగే రోజు ఆ రంగు మీరే చూసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు.

చదును కప్పు మీద కోడ్ 5 వేస్తే ముక్క వెడల్పు 600 మి.మీ., పొడవు 2 మీటర్లు దాటకూడదు. కోడ్ 6కి 675 మి.మీ., 2.25 మీటర్లు. కోడ్ 8కి కూడా 750 మి.మీ., 3 మీటర్లే. మీ బే వెడల్పు ఎంతో రాయలేదు కానీ మామూలుగా 2.5 నుంచి 3 మీటర్ల మధ్య ఉంటుంది, ముందుకి మీటరు లోపు. అంటే కోడ్ 8 తెచ్చి ఒకే ముక్క పరిచినా కొలత దాటిపోతుంది. డబ్బు ఎక్కువ, బరువు ఎక్కువ, పగులు మాత్రం తప్పదు. కోడ్ 5 చదరపు మీటరుకి 25 కిలోలు, కోడ్ 8 అయితే 40 కిలోలు. కింద ఉన్నది పాత చెక్క అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సరైన పద్ధతి ఏమిటంటే, కప్పుని గోడ నుంచి చూరు వైపుకి నాలుగైదు పట్టీలుగా విడగొట్టి, పట్టీకీ పట్టీకీ మధ్య 45 మి.మీ. చెక్క రోల్ పెట్టాలి. ఒక పక్క రేకు ఆ రోల్ మీదికి ఎక్కి, గోడ వైపు భాగంలో రాగి మేకులతో ఆగుతుంది. రెండో పక్క రేకు దాని మీద నుంచి పూర్తిగా దిగి, అవతలి చదును మీద 40 మి.మీ. ముందుకి వచ్చి ఊరికే కూర్చుంటుంది, దానికి మేకు ఉండదు. ఇలా ప్రతి ముక్కకీ ఒక పక్క పట్టు, ఒక పక్క స్వేచ్ఛ. నీళ్ళు రోల్ ఎక్కి దిగలేవు కాబట్టి ఆ అతుకుకి సీలెంట్‌తో పనే లేదు. వాటం కనీసం 80కి 1 ఉండాలి, ఇంకాస్త ఎక్కువుంటే ఇంకా మంచిది.

గోడ దగ్గర ఇంకో సంగతి. మీ పాత రేకుని గోడ మీదికి మడిచి నేరుగా ఇటుకల సందులోకి దూర్చి సిమెంటు కొట్టారా? చూసి చెప్పండి. అలా చేస్తే అక్కడా బిగుసుకుపోయినట్టే. కప్పు రేకు గోడ మీదికి 100 నుంచి 150 మి.మీ. లేచి వదులుగా నిలబడాలి, దాని మీదికి వేరే కవర్ ఫ్లాషింగ్, అంటే గోడకీ రేకుకీ మధ్య సందుని కప్పే పట్టీ, కనీసం 75 మి.మీ. దిగాలి. ఆ ఫ్లాషింగ్ కోడ్ 4 చాలు, ఒక్కో ముక్క 1.5 మీటర్లు మించకూడదు, ముక్కకీ ముక్కకీ 100 మి.మీ. ఒకదాని మీద ఒకటి. పై అంచు 25 మి.మీ. ఇటుకల సందులోకి వెళ్ళి, 450 మి.మీ.కి మించని దూరంలో సీసపు చీలలతో బిగుస్తుంది. ఆ సందుని సిమెంటు కన్నా సీసం కోసమే తయారుచేసిన సీలెంట్‌తో నింపడం మంచిది, రేకు కదులుతుంటే సిమెంటు రాలిపోతుంది.

పని ఎలా చేస్తారని అడిగారు కదా. నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం మూలలు తిప్పడం, దాన్ని బాసింగ్ అంటారు. రేకుని కోసి అతికించకుండా, మడతలు పడకుండా, చెక్క పనిముట్లతో మెల్లగా కొట్టి లోహాన్నే ఒకచోట నుంచి ఇంకోచోటికి నడిపించడం. బాక్స్‌వుడ్, హార్న్‌బీమ్ లాంటి గట్టి చెక్కతో చేసిన డ్రెస్సర్, బాసింగ్ స్టిక్, మాలెట్ వాడతాం, ఇప్పుడు ప్లాస్టిక్‌వి కూడా బాగానే ఉంటున్నాయి. ఇనుప సుత్తి రేకు మీద పడకూడదు. పెట్టెలా రెండు అంచులు పైకి లేపిన మూలలో లోహం ఎక్కువైపోతుంది, దాన్ని పైకి తోసుకుంటూ వెళ్ళి చివర కత్తిరించేస్తాం. బయటికి తిరిగే మూల దీనికి పూర్తిగా ఎదురు, అక్కడ లోహం చాలదు, పక్కనుంచి కొట్టి కొట్టి తీసుకురావాలి. తొందరపడితే మూల దగ్గర రేకు పలచబడిపోతుంది, బయటికి అందంగానే కనిపిస్తుంది, కొన్నేళ్ళకి చిల్లు పడేది మాత్రం అక్కడే. వేలితో తడిమితే చెయ్యి తిరిగినవాడికి మందం తెలిసిపోతుంది. ఇంకో చిన్న గుర్తు చెప్తాను. రేకు మీద కొలత గీత పెన్సిల్‌తో గీస్తున్నారా, కత్తి మొనతో గీస్తున్నారా చూడండి. మడత పడేచోట కత్తి గీత పెడితే ఆ గీత వెంబడే రేకు తెగుతుంది. పని తెలిసినవాడు కత్తితో గీయడు.

కప్పు రాసి రాసి క్యాపింగ్ సంగతి మిగిలిపోయింది. గోడ మీద ముక్కలు ఎంత పొడవున్నాయో, మేకులు ఎక్కడెక్కడ కొట్టారో కొలిచి రాయండి, అప్పుడు చెప్తాను.

వానచుక్క రాశారు:

నాది వేరే అభిప్రాయం. మా బే విండో మీద సీసం దొంగలు ఎత్తుకుపోయారు. మళ్ళీ సీసమే వేస్తే మళ్ళీ పోతుందన్న భయంతో ఫైబర్‌గ్లాస్ వేయించాం, ఇప్పటిదాకా చుక్క కారలేదు. తేలిక, చవక, ఒక్క రోజులో అయిపోయింది. చర్చిలే దొంగతనాల తర్వాత సీసం మానేసి టెర్న్ (తగరం ఆధారిత) పూత వేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ వేసుకుంటున్నాయి కదా, ఇంటి కిటికీ మీద సీసమే ఉండాలన్న పట్టుదల ఎందుకు? పాత తుక్కు కొనేవాళ్ళు నగదు ఇవ్వకూడదని చట్టం తెచ్చారు, నిజమే, కానీ మా వీధిలో ఆ తర్వాత కూడా పోయింది. చిన్న పాప ఉన్న ఇంట్లో నేనైతే సీసం జోలికి వెళ్ళను.

రేకుపని రాశారు:

వానచుక్క గారూ, దొంగతనం జరిగిన చోట మీరు చేసింది సరైన పనే, నేనూ చాలామందికి అదే చెప్తాను. చేతికందే ఎత్తులో ఉన్న బే అయితే ఆ భయం నిజమైనదే. ఫైబర్‌గ్లాస్‌కి పొడి పలక, పొడి వాతావరణం ఉండి, పొరలు సరిగ్గా వేస్తే బాగానే నిలుస్తుంది. కానీ వయసులో రెండిటికీ పోలిక లేదు. కొలత ప్రకారం వేసిన సీసం నూరేళ్ళు దాటి నిలబడ్డ ఇళ్ళ మీద నేను పని చేస్తుంటాను, తీసిన రేకు కరిగి మళ్ళీ రేకు అవుతుంది. పాతిల్లు గారి రేకు పాడైంది సీసం కావడం వల్ల కాదు, కొలత తప్పడం వల్ల. అంతే నేను చెప్పదలచుకుంది.

పాతగోడలు రాశారు:

పాత కట్టడాల సర్వేయర్‌ని. పైన చెప్పిన కొలతలన్నిటితో ఏకీభవిస్తున్నాను. నేను రేకు అడుగు వైపు గురించి రాస్తాను, ఎందుకంటే పైన అంతా సరిగ్గా చేసినా అడుగు నుంచి తినేసిన కప్పులు చాలా చూస్తున్నాం, బయట నుంచి చూసినవాళ్ళకి అది కనిపించదు కూడా.

సీసం వానకి పాడవదు. గాలి, వాన తగిలే వైపు బూడిద రంగు పొర ఒకటి గట్టిగా పట్టుకుని దాన్ని కాపాడుతుంది. అడుగు వైపు అలా కాదు. ఇంట్లోంచి పైకొచ్చే తేమ గాలి చల్లటి రేకుకి తగిలి నీటి బొట్లుగా మారుతుంది. ఆ నీళ్ళల్లో ఖనిజాలు ఏమీ ఉండవు, డిస్టిల్డ్ వాటర్ లాంటిదే, అది సీసానికి పడదు. గాలి ఆడని చోట ఆ నీళ్ళు తగులుతూ ఉంటే రేకు తెల్లటి పొడిగా మారిపోతూ పలచబడుతుంది. దానికి తోడు కింద ఓక్ పలకలుంటే ఆ చెక్కలోంచి వచ్చే ఆమ్లం ఇంకా తినేస్తుంది.

పూర్వం ఈ ఇళ్ళలో పొయ్యి మండేది, సందుల్లోంచి గాలి వచ్చేది, తేమ నిలిచేది కాదు. ఇప్పుడు డబుల్ గ్లేజింగ్ పెట్టి, సందులు మూసి, సీలింగ్ పైన ఇన్సులేషన్ కూరేసి గాలి దారి మొత్తం మూసేస్తున్నారు. అందుకే మీ రూఫర్‌ని తప్పక అడగాల్సింది ఒకటుంది, రేకు వేసే పలకల కింద గాలి ఆడే 50 మి.మీ. ఖాళీ ఉంటుందా, ఆ గాలి ఎక్కడ లోపలికొచ్చి ఎక్కడ బయటికి పోతుంది? దీనికి జవాబు లేకపోతే పైపని ఎంత బాగున్నా ఒప్పుకోవద్దు. పలకకీ రేకుకీ మధ్య అంటుకోని పొర ఒకటి వేయాలి, జియోటెక్స్‌టైల్ (మందపాటి సింథటిక్ బట్ట) లాంటిది, రేకు జరగడానికి కూడా అది కావాలి. తారు పూసిన ఫెల్ట్ వేస్తే ఎండకి కరిగి రేకుని పలకకి అంటించేస్తుంది, మళ్ళీ మొదటి సమస్యే.

కొత్త సిమెంటు మీద రేకు నేరుగా కూర్చోకూడదు. అందులోని క్షారం ఆరేదాకా సీసాన్ని తింటుంది, గోడ మీద క్యాపింగ్ వేసేటప్పుడు దీన్ని చాలామంది పట్టించుకోరు. తారు పెయింట్ పూసో, పొర వేసో విడదీయాలి. పై పెంకుల మీద నాచు, లైకెన్ ఎక్కువగా ఉంటే వాటి మీదుగా బొట్టు బొట్టుగా పడే నీళ్ళకి కూడా ఆమ్లగుణం ఉంటుంది. ఆ బొట్లు పడేచోట రేకు మీద సన్నటి మెరిసే గాడి పడుతుంది, అలాంటిది ఉంటే అక్కడ మార్చుకోవడానికి వీలుగా విడిగా ఒక చిన్న ముక్క వేయించుకోండి.

ఇటుకల మీద తెల్ల చారలు కొత్తలో పటినేషన్ ఆయిల్ (కొత్త సీసం మీద తెల్ల పొడి పుట్టకుండా పూసే నూనె) పూయకపోవడం వల్ల వస్తాయి. కొత్త రేకు మీద మొదటి వానకి వదులుగా ఉండే తెల్ల కార్బొనేట్ పుట్టి కారుతుంది. బిగించిన రోజే, సాయంత్రం పని ఆపే ముందే పలచగా ఒక పూత పూయాలి, అంచుల కిందా, ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట్లా కూడా. చాలామంది పైపైన పూసి అంచుల కింద వదిలేస్తారు, చారలు వచ్చేది అక్కడి నుంచే.

నిప్పు గురించి కూడా చెప్పాలి. వెస్ట్ ససెక్స్‌లో, పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్ళ అప్‌పార్క్ అనే భవనం 1989 ఆగస్టు 30న తగలబడింది, కప్పు మీద సీసం పనిలో వాడిన బ్లోటార్చ్ వల్ల. పని ఇంక కొద్ది రోజుల్లో అయిపోతుందనగా జరిగింది. మళ్ళీ కట్టి 1995లో తెరిచారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కానీ దాన్ని వెల్డ్ చేసే మంట చాలా వేడి, కింద ఏళ్ళ తరబడి ఎండిన చెక్క, దుమ్ము. వెల్డింగ్ ఏదైనా ఉంటే కిందే, నేల మీదే చేసుకుని ముక్కని పైకి తీసుకెళ్ళమనండి. వాళ్ళ ఇన్సూరెన్స్ మంట పెట్టే పనులకి వర్తిస్తుందో లేదో కాగితం చూపించమనండి, అడగడానికి మొహమాటపడొద్దు.

మీ ఇల్లు లిస్టెడ్ భవనమైతే, అంటే చారిత్రక కట్టడంగా చట్టం రక్షణలో ఉంటే, సీసం తీసేసి ఇంకోటి వేయడానికి ముందుగా అనుమతి కావాలి. కాకపోయినా కౌన్సిల్‌ని ఒకసారి అడగండి.

పాతిల్లు రాశారు:

ఇంత వివరంగా రాసినందుకు చాలా చాలా థాంక్స్ అండి. మీరు చెప్పినవన్నీ కొలిచాను. బే వెడల్పు 2.9 మీటర్లు, ముందుకి 85 సెం.మీ., మొత్తం ఒకటే ముక్క. రేకుపని గారు అనుమానించినట్టే గోడలోకి నేరుగా దూర్చి సిమెంటు కొట్టారు, చూరు వైపు అంచుకి వరుసగా మేకులున్నాయి. క్యాపింగ్ ముక్కలు ఒక్కొక్కటి 2.4 మీటర్లు, రెండు అంచుల్లోనూ మేకులు, రెండు చోట్ల ఉబ్బు, ఇంకా పగల్లేదు. గోడ పైభాగం చదునుగానే ఉంది. ముక్కల్ని ఒకదాని మీద ఒకటి ఊరికే ఎక్కించారు, ఆ సందులోనే పచ్చగా నాచు.

చూరు దగ్గర ఒక మూల కొంచెం లేచి ఉంటే కిందికి చూశాను, అడుగంతా తెల్లటి పొడి. లోపల సీలింగ్ పైన ఇన్సులేషన్ గట్టిగా కూరి ఉంది, పాతగోడలు గారు చెప్పినట్టే. నా ప్రశ్నలు ఇవీ. ఆ పొడి పాపకి ప్రమాదమా? పని మొదలయ్యేదాకా వాన ఆపడానికి ఏం చేయాలి? గోడ పక్కింటి వాళ్ళతో ఉమ్మడి కదా, వాళ్ళని అడగాలా?

పాతగోడలు రాశారు:

ఆ పొడి కడుపులోకి వెళ్తే విషం, అందులో సందేహం లేదు. అయితే కప్పు మీద ఉన్న సీసం మీద చెయ్యి పడితే ప్రమాదం కాదు. దుమ్ము నోట్లోకి వెళ్ళకుండా చూసుకోవాలి, చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకా ఎక్కువ. మీరు మళ్ళీ ఆ మూల కదపొద్దు. పొడిని పొడిగా ఊడ్చొద్దు, బ్రష్‌తో గీకొద్దు. రేకు తీసేరోజు తడిపి తీయమనండి, ముందు గది కిటికీలు మూసి, సీలింగ్ కింద ప్లాస్టిక్ కట్టి, పాపని ఆ పూట వేరేచోట ఉంచండి. పని చేసినవాళ్ళు ఆ చేతులతో మీ ఇంట్లో టీ తాగే ముందు చేతులు కడుక్కోవాలి, ఇది మర్యాదకి సంబంధించిన విషయం కాదు, పనిలో సీసం గురించి 2002లో వచ్చిన నిబంధనల్లోనే ఉంది. కత్తిరించిన చిన్న ముక్కలు తోటలో పడిపోకుండా సాయంత్రానికి మీరే ఒకసారి చూసుకోండి. ఆ కప్పు నుంచి పట్టిన వాన నీళ్ళు తాగడానికీ, కూరగాయ మొక్కలకీ వాడొద్దు.

గోడ విషయం, ఉమ్మడి గోడ కాబట్టి 1996 నాటి పార్టీ వాల్ చట్టం వర్తించే అవకాశం ఉంది. గోడలో కొత్తగా గాడి కోసి ఫ్లాషింగ్ దూర్చడం లాంటివి దాని కిందికి వస్తాయి. నోటీసు కాగితం కన్నా ముందు వెళ్ళి మాట్లాడండి. ఆ క్యాపింగ్ లీకైతే తడిసేది వాళ్ళ గోడ కూడా, చాలామంది ఖర్చులో సగం పంచుకోవడానికి ఒప్పుకుంటారు.

రేకుపని రాశారు:

కొలతలు ఇచ్చారు కాబట్టి ఇప్పుడు సూటిగా చెప్పొచ్చు. 2.9 మీటర్లని 5 పట్టీలు చేస్తే ఒక్కోటి 580 మి.మీ., కోడ్ 5కి సరిపోతుంది. 85 సెం.మీ. పొడవు 2 మీటర్ల లోపే కాబట్టి దాన్ని విడగొట్టడానికి మధ్యలో మెట్టు అక్కర్లేదు. రోల్స్ 4. కోడ్ 6 వేస్తానని ఎవరైనా అంటే తప్పేమీ లేదు, పట్టీల కొలత మాత్రం అదే ఉంచమనండి. చూరు వైపు మేకులు ఉండకూడదు. అక్కడ రాగి లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ ఒకటి పలకకి బిగించి, రేకు అంచుని దాని చుట్టూ మడవాలి, గాలికి లేవదు, ముందుకీ వెనక్కీ జరగగలుగుతుంది.

క్యాపింగ్ ముక్కలు 1.5 మీటర్లు మించకూడదు, మీవి 2.4, అందుకే ఆ ఉబ్బులు. ఇంకా పగల్లేదు కానీ పగులుతాయి. రెండు అంచులకీ మేకులు కొట్టడం ఇంకా పెద్ద తప్పు, అడ్డంగా కూడా కట్టేసినట్టే. కొత్తగా వేసేటప్పుడు ముక్కని ఒకచోట మాత్రమే పట్టి ఉంచి, రెండు అంచులకీ క్లిప్పులతో గాలి నుంచి కాపాడాలి. చదును గోడ మీద రేకులు ఊరికే ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే ఆ సన్న సందులోకి నీళ్ళు వాటంతటవే పాకుతాయి, మీకు నాచు కనిపించింది అందుకే. అక్కడ వెల్ట్ వేయాలి, అంటే రెండు అంచులనీ కలిపి మడిచి వదులుగా నొక్కడం. లేదా ఇక్కడ కూడా చెక్క రోల్ పెట్టాలి. గోడ పైభాగానికి ఒక పక్కకి కొంచెం వాటం ఇస్తే ఇంకా మంచిది, మీ కప్పు వైపుకి ఇవ్వండి, పక్కింటి వాళ్ళ వైపుకి వద్దు. అంచులు గోడకి రెండు పక్కలా దిగి, ముఖానికి అంటుకోకుండా కొంచెం బయటికి ఉండాలి, నీటి బొట్టు ఇటుక మీదికి కాకుండా కిందికి పడేలా.

అప్పటిదాకా వానకి, పొడిగా ఉన్న రోజు చూసి పగులు చుట్టూ తడిగుడ్డతో తుడిచి, ఆరాక ప్రైమర్ పూసి, వెడల్పాటి తారు ఫ్లాషింగ్ టేప్ వేయండి. ఈ చలికాలం ఆపడానికి అది చాలు, దాన్ని శాశ్వతం అని ఎవరైనా అంటే నమ్మొద్దు. గ్లవ్స్ వేసుకోండి. మంట పెట్టి అతికిస్తానని ఎవరొచ్చినా ఒప్పుకోవద్దు, కింద మొత్తం ఎండు చెక్కే.

కొటేషన్ అడిగేటప్పుడు కోడ్ ఎంత, పట్టీలెన్ని, క్యాపింగ్ ముక్క పొడవెంత, పలక కింద గాలి ఎలా ఆడుతుంది, మేకులూ క్లిప్పులూ ఏ లోహం, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. సీసం వేస్తాం అని ఒక్క మాట రాసి రేటు వేసినవాళ్ళని పక్కన పెట్టేయొచ్చు. లెడ్ కాంట్రాక్టర్స్ అసోసియేషన్‌లో సభ్యులెవరైనా మీ వైపు ఉన్నారేమో చూడండి. పాత రేకు బరువు చాలా ఉంటుంది, మీ బే ఒక్కటే దాదాపు 2.5 చదరపు మీటర్లు, తుక్కుకి మంచి ధరే వస్తుంది. అది ఎవరు తీసుకుంటారో, మీ బిల్లులో తగ్గిస్తారో లేదో ముందే తేల్చుకోండి, తర్వాత అడిగితే ఆ రేకు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది.

రేకు తీసిన రోజు కింద పలకల ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అవి మార్చాలో వద్దో చూసి చెప్తాను, మెత్తబడ్డ పలక మీద మాత్రం కొత్త సీసం వేయనివ్వకండి.